వానదారిలో రెండు జాకెట్లు

మొదటి రోజు: మల్‌గై నుంచి డ్రిమెన్

స్కాట్లండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే గ్లాస్గోకి ఉత్తరాన మల్‌గై అనే ఊళ్లో మొదలై, 154 కిలోమీటర్లు సాగి, ఫోర్ట్ విలియమ్‌లో ముగుస్తుంది. 1980లో తెరిచిన నడకదారి ఇది. అట్లాంటిక్ మీంచి వచ్చే మబ్బులకు అడ్డంగా నిలబడ్డ కొండలు కాబట్టి పశ్చిమ హైలాండ్స్‌లో కొన్ని చోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. అక్క కొండలూ సరస్సులూ చూడ్డానికి వచ్చింది. నేను మాత్రం సగం వాన కోసమే వచ్చాను. నీళ్లను లోపలికి రానివ్వదు, చెమటను బయటికి పంపేస్తుంది అని ప్రతి జాకెట్ చీటీ మీదా రాసి ఉంటుంది కదా. అందులో రెండో మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ఒక పూట వాన చాలదు.

నాది మూడు పొరల జాకెట్. పైన నైలాన్ గుడ్డ, మధ్యలో నీళ్లను ఆపి ఆవిరిని వదిలే మెంబ్రేన్ అనే పలచటి పొర, లోపల ఒంటికి తగిలే సన్నటి అల్లిక, మూడూ కలిపి అతికించి ఉంటాయి. అక్కది రెండున్నర పొరలది. అందులో లోపలి అల్లిక ఉండదు, మెంబ్రేన్ అరిగిపోకుండా దాని మీద చుక్కల్లాంటి పూత మాత్రం వేస్తారు. ఆ పూతను అర పొర కింద లెక్కేస్తారన్నమాట. తేలిగ్గా ఉంటుంది, మడిస్తే ఇంతై పోతుంది. కానీ చేతులకు నేరుగా తగిలితే జిగటగా ఉంటుంది. అక్క దాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతోంది.

వానకోటు కథ మొదలైంది కూడా ఓ గ్లాస్గో మనిషితోనే. చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తా అనే నూనెలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించి 1823లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ కోటులోకి నీటి చుక్క రాదు. అలాగని లోపలి ఆవిరి బయటికీ పోదు. వేడికి జిగురు కారేది, చలికి బిరుసెక్కేది, కంపు సరేసరి. ఈ ఆవిరి సంగతి తేలడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన వేడి చేసిన పీటీఎఫ్ఈ కడ్డీలను మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతున్నాయని విసుగొచ్చి ఒక్కసారిగా గుంజాడు. తెగలేదు. ఎన్నో రెట్లు సాగి, లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలతో నిండిపోయింది. టెఫ్లాన్ అని మనం పిలిచేది ఈ పీటీఎఫ్ఈనే. ఆ రంధ్రం నీటిబొట్టు కంటే 20 వేల రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువు కంటే 700 రెట్లు పెద్దది అని కంపెనీ వాళ్లు చెప్పే లెక్క. జాకెట్లలో మెంబ్రేన్‌గా వాడే గోర్‌టెక్స్ అదే. దానితో కుట్టిన మొదటి జాకెట్ 1976లో అమ్మకానికి వచ్చింది.

ఈ రోజంతా చదునైన దారి, కొంత దూరం పాత రైలుమార్గం. పల్చటి జల్లు. ఇలాంటి వానలో ఏ జాకెటైనా మంచిదే, దీన్ని బట్టి ఏమీ చెప్పలేం. డ్రిమెన్ చేరేసరికి ఇద్దరం పొడిగా ఉన్నాం.

రెండో రోజు: డ్రిమెన్ నుంచి రోవార్డెన్నన్

కోనిక్ హిల్ ఎత్తు 361 మీటర్లే. కానీ దారి నిటారుగా ఎక్కుతుంది. జల్లు నిన్నటిలాగే ఉంది, పైకి వెళ్లేకొద్దీ మబ్బు. నేను చకచకా ఎక్కేశాను. పైన ఆగి జిప్ తీస్తే లోపలి చొక్కా వీపు మీద పూర్తిగా తడిసి ఉంది. అక్క జాకెట్ ముందు జిప్ సగం తీసి, మధ్యమధ్యలో నిలబడి లోమండ్ సరస్సులోని దీవులు చూస్తూ తీరిగ్గా వచ్చింది. ఆమె చొక్కా దాదాపు పొడి.

"కొత్త జాకెట్ కారిందేంట్రా?" అంది.

కారలేదు. అదంతా నా చెమటే. బరువు మోస్తూ గట్టిగా ఎక్కే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం పెద్ద విశేషం కాదు. నా జాకెట్ చీటీ మీద 20,000 అని ఉంది. చదరపు మీటరు గుడ్డలోంచి రోజుకు 20,000 గ్రాముల ఆవిరి పోగలదని అర్థం. గంటకు 830 గ్రాములు. ఒక మనిషి జాకెట్ చదరపు మీటరు పైనే ఉంటుంది కాబట్టి కాగితం మీద లెక్క సరిపోతుంది. అయితే ఈ కొలత తీసే పద్ధతులు చాలా ఉన్నాయి, ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన ఉండదు. వాటిలో పేరున్న ఒక జపాన్ పద్ధతిలో గుడ్డకు ఒక వైపు నీళ్లు, రెండో వైపు తేమను గట్టిగా పీల్చే పొటాషియం అసిటేట్ ద్రావణం పెడతారు. కోనిక్ హిల్ మీద వానలో మన జాకెట్ బయట ఆ ద్రావణం ఎవరు పట్టుకుంటారు? అక్కడ బయటున్నదీ నీళ్లే. ఈ అంకెల కంటే ఆర్ఈటీ అనే కొలత కొంచెం నమ్మదగ్గది. ఆవిరికి గుడ్డ ఎంత అడ్డుపడుతుందో చెబుతుంది కాబట్టి ఎంత తక్కువుంటే అంత మేలు. 6 లోపుంటే చాలా మంచి గుడ్డ, 20 దాటితే నడకకు పనికిరాదు. కానీ చీటీల మీద దాన్ని అరుదుగా వేస్తారు.

ఇంకో చిక్కు. ఒంటి జిడ్డు మెంబ్రేన్ రంధ్రాల్లో చేరితే నీళ్లు లోపలికి దిగడం మొదలవుతుంది. మొదటి తరం జాకెట్లు అలాగే చెడిపోయాయి. అందుకని మెంబ్రేన్ లోపలి వైపు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో పలచటి పొర ఒకటి చేర్చారు. దానికి రంధ్రాలుండవు. తేమను తనలోకి పీల్చుకుని అవతలికి చేరవేస్తుంది. అంటే లోపల కాస్త ఉక్క పుట్టాకే అది సరిగ్గా పని అందుకుంటుంది. జాకెట్ వేసుకున్న కాసేపటికి వచ్చే ఆ తేమ భావనకు ఇదొక కారణం.

బల్మాహా దగ్గర సరస్సు ఒడ్డుకు దిగి, మిగతా దారి చెట్ల కిందే నడిచాం.

మూడో రోజు: రోవార్డెన్నన్ నుంచి ఇన్వరార్నన్

అసలు వాన ఈ రోజే దొరికింది. పొద్దున తలుపు తీసేసరికి మొదలైపోయి ఉంది, సాయంత్రం దాకా తెరిపివ్వలేదు.

మొదటి గంట చూడముచ్చటగా ఉంది. రెండు జాకెట్ల మీదా నీళ్లు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలిచి జారిపోయాయి. ఇది మెంబ్రేన్ పని కాదు. పై గుడ్డ మీద వేసే రసాయన పూతది. డీడబ్ల్యూఆర్ అంటారు. ఈ పూత పని చేస్తున్నంతసేపూ పై గుడ్డ పొడిగా ఉంటుంది, లోపలి ఆవిరికి బయటికి దారి ఉంటుంది.

తర్వాత నా భుజాల మీద ముదురు మచ్చలు కనిపించాయి. బ్యాగు పట్టీలు ఒరుసుకునే చోట పూత ముందుగా అరుగుతుంది. అక్కడ నీటి బొట్టు నిలవలేదు, గుడ్డలోకి ఇంకింది. మచ్చ చేతుల మీదకు పాకింది. మధ్యాహ్నానికి జాకెట్ రంగే మారిపోయింది, బరువు తెలుస్తోంది. దీన్ని వెట్టింగ్ అవుట్ అంటారు. జాకెట్ కారిపోయిందని చాలామంది అనుకునేది సరిగ్గా ఇప్పుడే. మెంబ్రేన్‌కి ఏమీ కాలేదు, వాన నీరు ఇప్పటికీ దాన్ని దాటడం లేదు. కానీ దాని బయట నీటి పొర ఒకటి పరుచుకుంది కాబట్టి లోపలి ఆవిరికి వెళ్లే చోటు దాదాపు మూసుకుపోయింది. పైగా తడిగుడ్డ చల్లబడుతుంది, ఆ చల్లదనానికి లోపలి ఆవిరి మెంబ్రేన్ మీదే నీళ్లుగా మారి చొక్కాకు అంటుకుంటుంది. ఒంటికి తెలిసేది ఒక్కటే: చల్లగా, తడిగా ఉంది. ఆ నీళ్లు ఆకాశంలోంచి వచ్చాయో నాలోంచి వచ్చాయో చర్మం తేల్చుకోలేదు.

ఇన్‌వర్‌స్నెయిడ్ దాటాక దారి నిజంగా పాడుగా ఉంటుంది. చెట్ల వేళ్లు, జారే బండలు, కొన్ని చోట్ల చేతులు వేసి ఎక్కాల్సిన రాళ్లు. ఇక్కడ తడి రావడానికి ఇంకో దారి దొరికింది. చెయ్యి పైకి చాచి బండ పట్టుకున్నప్పుడల్లా మణికట్టు మీద పారే నీళ్లు నేరుగా చొక్కా చేతిలోకి, అక్కణ్నుంచి మోచేతి దాకా. మణికట్టు దగ్గరి వెల్‌క్రో పట్టీ బిగిస్తే చాలావరకు ఆగింది. కానీ లోపలి చొక్కా అంచు జాకెట్ చేతి కన్నా ఒక్క అంగుళం బయటికొచ్చినా సరే, గుడ్డ నీళ్లను పీల్చి లోపలికి చేరవేస్తూనే ఉంటుంది. అక్క తన చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేసింది. చేతికి జాకెట్ జిగటగా తగులుతోంది, తడి మాత్రం పైకి పాకడం లేదు. మెడ దగ్గరా ఇదే సంగతి. గడ్డం మీంచి కారే నీళ్లు కాలర్‌లోకి దిగకుండా జిప్‌ను ముక్కు దాకా వేసుకోవాలి, అలా వేసుకుంటే ఊపిరి లోపలికే కొట్టి ఇంకా ఉక్క.

20,000 మిల్లీమీటర్లు అనే ఇంకో అంకె చీటీల మీద గొప్పగా వేస్తారు. గుడ్డ మీద 20 మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. వాన చినుకు అంత ఒత్తిడి ఏ రోజూ తేదు. బ్యాగు పట్టీ నొక్కే చోటా, తడి నేల మీద మోకాలు ఆన్చే చోటా కాస్త ఎక్కువ ఒత్తిడి పడుతుంది, అందుకు ఆ అంకె పనికొస్తుంది. నాకైతే మంచి పట్టీ ఉన్న చేతులు, తలతో పాటు తిరిగే హుడ్ అంతకంటే ముఖ్యం. నా హుడ్ తిరగదు. పక్కకు చూస్తే హుడ్ లోపలి గుడ్డే కనిపిస్తోంది.

ఇన్వరార్నన్ చేరాక ఇద్దరం జాకెట్లు తిరగేసి చూశాం. కుట్ల మీద టేపు వేసిన చోట్ల నీళ్లు రాలేదు. కుట్టు అంటే సూది పొడిచిన వేల కంతలు, టేపు లేకపోతే ఎంత గొప్ప మెంబ్రేనైనా వృథా. అక్క జాకెట్‌లో హుడ్ దగ్గర ఒక చోట మాత్రం టేపు అంచు లేచి ఉంది.

నాలుగో రోజు: ఇన్వరార్నన్ నుంచి టిండ్రమ్

చిన్న నడక, మబ్బు పట్టి ఉన్నా వాన లేదు. గ్లెన్ ఫాలోక్ వెంట నది హోరు.

బస చేసిన చోట డ్రయింగ్ రూమ్ ఉంది. వేడి గాలి తిరిగే చిన్న గది, తీగల మీద అందరి జాకెట్లూ, కింద వరుసగా బూట్లు. వాసన గురించి చెప్పను. అక్కడ ఒక పెద్దాయన పారామో అనే కంపెనీ జాకెట్ ఆరేస్తూ కనిపించాడు. అందులో మెంబ్రేనే ఉండదు. బయట గాలిని ఆపే ఒత్తు నేత గుడ్డ, లోపల నీటిని ఒకే వైపుకు, అంటే బయటికి, నెట్టే అల్లిక. ఆవిరినే కాదు, నీళ్లుగా మారిన చెమటను కూడా బయటికి పంపుతుంది. బ్రిటన్ కొండల్లో రక్షణ బృందాల వాళ్లు కొందరు దీన్నే ఇష్టపడతారు. "కూర్చుంటే తడుస్తుంది, నడిస్తే ఆరుతుంది" అన్నాడాయన. నొక్కిన చోట నీళ్లు దిగుతాయి. మెంబ్రేన్ జాకెట్ కంటే వెచ్చన, వేసవిలో కష్టం. చలివానలో నెమ్మదిగా, పొద్దస్తమానం నడిచేవాళ్లకు అదే సరైనదని నాకనిపించింది.

నా పూత అంత తొందరగా ఎందుకు లొంగిందని కూడా ఆయన్నే అడిగాను. ఫ్లోరిన్ లేని పూతా అన్నాడు. అవును. ఒకప్పుడు వాడే సీ8 రకం, అంటే ఎనిమిది కార్బన్ల గొలుసున్న, ఫ్లోరోకార్బన్ పూతలు నీటినీ నూనెనూ కూడా తిప్పికొట్టేవి, చాలాకాలం ఉండేవి. వాటి నుంచి పుట్టే పీఎఫ్ఓఏ అనే రసాయనం ప్రకృతిలో విచ్ఛిన్నం కాదు, ఒంట్లోంచి తొందరగా పోదు. 2019లో హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద దాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు. కొన్నాళ్లు గొలుసు పొట్టిదైన సీ6 రకాలు నడిచాయి, ఇప్పుడు ఫ్లోరిన్ అసలే లేనివి వచ్చాయి. మెంబ్రేన్‌లలోనూ అదే జరుగుతోంది, గోర్ కంపెనీ 2022లో పాలిథిలీన్‌తో చేసిన మెంబ్రేన్ తెచ్చింది. కొత్త పూత నీటిని బాగానే తిప్పికొడుతుంది గానీ నూనెను ఆపలేదు. సన్‌స్క్రీన్, చెమట జిడ్డు, చేతి మురికి అంటిన చోట నీళ్లు ఇంకిపోతాయి. అంటే దీన్ని తరచూ ఉతకాలి. ఉతికితే పాడవుతుందని దాచుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది ఈ జాకెట్లకు సరిగ్గా తిరగబడుతుంది.

ఐదో రోజు: టిండ్రమ్ నుంచి కింగ్స్‌హౌస్

30 కిలోమీటర్లు. రానక్ మూర్ దాటాలి. బ్రిడ్జ్ ఆఫ్ ఓర్కీ తర్వాత చెట్టూ చేమా ఉండవు, బురద నేలా నీటి మడుగులూ పాత రాళ్ల బాటా తప్ప. వాన పక్కనుంచి వచ్చింది, గాలితో.

ఉష్ణోగ్రత పది డిగ్రీల దగ్గర ఉంది. విచిత్రంగా, మొన్నటి కంటే ఎక్కువ వాన పడినా లోపల తక్కువ తడిసింది. కారణం లెక్కలోనే ఉంది. ఆవిరిని బయటికి నెట్టేది జాకెట్ కాదు, లోపలికీ బయటికీ మధ్య ఆవిరి ఒత్తిడిలో ఉన్న తేడా. పది డిగ్రీల గాలి వానలో పూర్తిగా తడితో నిండినా ఘనపు మీటరుకు 9 గ్రాముల చిల్లర ఆవిరినే మోస్తుంది. ఒంటి పక్కనుండే 30 డిగ్రీల గాలి 30 గ్రాముల దాకా మోయగలదు. అంత తేడా ఉంటే ఆవిరి బయటికి పోతుంది, వాన పడుతున్నా సరే. అదే వాన 25 డిగ్రీల్లో పడితే బయటి గాలిలోనే 23 గ్రాములుంటాయి. తోసే బలం మూడో వంతుకు పడిపోతుంది. వెచ్చటి వానలో ఎంత ఖరీదైన మెంబ్రేనైనా ప్లాస్టిక్ సంచిలా అనిపించేది అందుకే. అక్కడ గొడుగే మేలు. రానక్ మూర్ గాలిలో గొడుగు ఊసెత్తకూడదు గానీ.

చలి వల్ల ఒక లాభముంటే ఒక నష్టమూ ఉంది. గాలి తడి గుడ్డ మీంచి వేడిని లాగేస్తుంది. నేను చలికి తట్టుకోలేక లోపల ఫ్లీస్, అంటే నూగుగా ఉండే వెచ్చటి పైచొక్కా, వేసుకున్నాను. ఫ్లీస్ వల్ల నా ఒళ్లు వెచ్చబడింది, జాకెట్ మాత్రం ఒంటి వేడి అందక ఇంకా చల్లబడింది, దాని లోపలి వైపు నీటి తుంపర కట్టింది. ఫ్లీస్ పైపోగులు తడిశాయి, ఒంటికి తగిలే వైపు పొడిగానే ఉంది. ఇది నాకు నచ్చిన బేరం. తడి ఎక్కడుందన్నదే ముఖ్యం, ఉందా లేదా అన్నది కాదు. అక్క ఒంటికి తగిలే పలచటి ఉన్ని చొక్కా మీద జాకెట్ ఒక్కటే వేసుకుని, చలేస్తే నడక వేగం పెంచింది.

"హీటర్ నా దగ్గరే ఉందిరా, నువ్వు ఫ్లీస్ మోసుకో" అంటూ ముందుకెళ్లిపోయింది.

బా బ్రిడ్జ్ దాటాక కాసేపు ఆగామో లేదో వణుకు పట్టుకుంది. ఈ నేల మీద వానలో ఆగడమే ప్రమాదం.

ఆరో రోజు: కింగ్స్‌హౌస్ నుంచి కిన్‌లోక్‌లెవెన్

డెవిల్స్ స్టెయిర్‌కేస్ ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, 550 మీటర్ల దాకా వెళ్తుంది. ఎక్కబోయే ముందు ఫ్లీస్ తీసేశాను. అంటే మొదటి పది నిమిషాలు చలేసేలా బయలుదేరడమన్నమాట. చంకల కింద జిప్‌లు పూర్తిగా తెరిచాను. వాన సూటిగా పడుతున్నంతసేపూ అక్కణ్నుంచి నీళ్లు రావు, చెయ్యే కప్పుతుంది. మెంబ్రేన్ గంట సేపు చేసే పనిని ఆ రెండు కంతలు కొద్ది నిమిషాల్లో చేసేశాయంటే నమ్మండి. అక్క జాకెట్‌కి ఆ జిప్‌లు లేవు. ఆమె ముందు జిప్ కిందనుంచి పైకి తెరుచుకుని నడిచింది.

పైన గ్లెన్ కో కొండలు మబ్బు చీలినప్పుడల్లా కనిపించి మాయమవుతున్నాయి. దిగుడులో వాన ఆగింది, గాలి పడిపోయింది, వెంటనే మిడ్జ్‌లు వచ్చిపడ్డాయి. చీమ తలకాయంత ఉండే కుట్టుడు పురుగులు, వేలల్లో. హుడ్ బిగించి మళ్లీ ఉక్కలో నడవడమే.

ఏడో రోజు: కిన్‌లోక్‌లెవెన్ నుంచి ఫోర్ట్ విలియమ్

లారిగ్ మోర్ కనుమ మీదుగా పాత సైనిక బాట. ఎండా జల్లూ మార్చి మార్చి వచ్చాయి. జల్లు ఆగిన ప్రతిసారీ జాకెట్ విప్పకుండా నడిస్తే ఒంటి వేడికే పావుగంటలో ఆరిపోతోంది. గ్లెన్ నెవిస్‌లోకి దిగేటప్పుడు బెన్ నెవిస్ శిఖరం మబ్బులోనే ఉంది.

బసలో వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ దొరికాయి. మామూలు డిటర్జెంట్ పనికిరాదు, దాని అవశేషం గుడ్డ మీద మిగిలి నీటిని పిలుస్తుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలే వద్దు. ఈ గుడ్డల కోసం చేసే సబ్బు ద్రవంతో ఉతికి, రెండుసార్లు జాడించి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పాను. ఆ వేడికి అణగారిన పూత మళ్లీ లేచి నిలబడుతుంది. కుళాయి కింద పెట్టి చూస్తే నా జాకెట్ చేతుల మీద నీళ్లు మళ్లీ బొట్లు కట్టాయి. భుజాల మీద కట్టలేదు, అక్కడ పూత అరిగిపోయింది. స్ప్రే కొట్టి మళ్లీ వేడి చేయాలి.

అక్క జాకెట్ వేడికి బాగానే తేరుకుంది గానీ హుడ్ దగ్గర టేపు ఇంకో అంగుళం లేచింది. లోపలి పూత కూడా మెడ దగ్గర పొరలు పొరలుగా ఊడుతోంది. టేపు మళ్లీ అతికించొచ్చు. పాలీయురేథేన్ తేమకు అలా కుళ్లడం మొదలుపెట్టాక దాన్ని ఆపే మందు లేదు.

"ఇంకో ఏడాది వస్తుందా?" అని అడిగింది.

జల్లుకు వస్తుంది, రానక్ మూర్‌కి రాదు అన్నాను. మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.